గ్రంథం కాల్చిన రాజు, గోనె కట్టిన రాజు

యెరూషలేములో చలికాలం. యూదా రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనే కొలువు ఉద్యోగి గ్రంథపు చుట్ట విప్పి చదువుతున్నాడు. యిర్మీయా ప్రవక్త చెబుతుంటే బారూకు అనే లేఖకుడు సిరాతో రాసిన మాటలవి. రాజూ జనమూ నడత మార్చుకోకపోతే బబులోను రాజు వచ్చి ఈ ఊరిని నేలమట్టం చేస్తాడన్నది వాటి సారాంశం. మూడు నాలుగు పట్టీలు చదవగానే రాజు చాకు అందుకుని అంతమేరా కోసి నిప్పులో వేస్తాడు. తర్వాతి భాగం చదవమంటాడు. అదీ కోస్తాడు. చుట్ట అయిపోయేదాకా ఇదే వరస. క్రీస్తుపూర్వం 604 ప్రాంతంలో జరిగిందనుకునే ఈ ఘట్టం యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయంలో ఉంది.

ఇందులో కోపం కనబడదు. కోపమొచ్చినవాడైతే మొత్తం ఒక్కసారే విసిరేసేవాడు. ఇతడు ప్రతి మాటా విన్నాడు, విన్న తర్వాతే కాల్చాడు.

నాయకుల మీద దేవుని తీర్పు అనగానే మన దగ్గర ఉజ్జీవ కూటాల్లో వినబడేవి వేరే కథలు. ఫరో సైన్యం సముద్రంలో మునగడం, యెజెబెలును కుక్కలు పీక్కుతినడం, హేరోదు పురుగులు పడి చావడం. మైకు ముందు నిలబడ్డ ప్రసంగీకుడికి అవి బాగా ఉపయోగపడతాయి. జనం గట్టిగా ఆమెన్ అంటారు, కానుక పెట్టె కూడా కదులుతుంది. నాకు ఆ చావులన్నిటి కంటే ఈ కుంపటి ముఖ్యమనిపిస్తుంది. చావు మంచి రాజుకూ వచ్చింది, చెడ్డ రాజుకూ వచ్చింది. చాకు పట్టిన చెయ్యి మాత్రం ఆ రాజు ఎంచుకున్నది. పాపం చెయ్యని రాజు బైబిల్లో ఒక్కడు కూడా దొరకడు. తప్పును ఎత్తిచూపిన మాట తన దగ్గరికి వచ్చినప్పుడు ఆ రాజు దాన్ని ఏం చేశాడన్న దగ్గరే ఆ గ్రంథం మనిషిని తూకం వేస్తుంది.

యెహోయాకీము తండ్రి యోషీయా. అతడి ఏలుబడిలో దేవాలయానికి మరమ్మతులు జరుగుతుంటే పాత ధర్మశాస్త్ర గ్రంథమొకటి బయటపడింది. షాఫాను అనే లేఖకుడు దాన్ని తెచ్చి రాజు ముందు చదివాడు. యోషీయా విని బట్టలు చింపుకున్నాడు. ఇది జరిగి ఇరవై ఏళ్లు తిరగకుండానే ఈ కుంపటి. ఈసారి కొలువులో షాఫాను కొడుకు గెమర్యా ఉన్నాడు. కాల్చవద్దని రాజును బతిమాలిన ముగ్గురిలో అతడొకడు. రాసినవాడికి పాత సంగతి బాగా గుర్తుంది కాబోలు, రాజు గానీ పరివారం గానీ బట్టలు చింపుకోలేదని పనిగట్టుకుని ఒక వాక్యం చేర్చాడు. ఇంకే వ్యాఖ్యా చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా.

ఆ ముగ్గురిలో ఇంకొకడు ఎల్నాతాను. ఇతడి పేరు పది అధ్యాయాల ముందు ఒకసారి వస్తుంది. ఊరియా అనే మరో ప్రవక్త ప్రాణభయంతో ఐగుప్తుకు పారిపోతే, అక్కడిదాకా వెళ్లి పట్టుకొచ్చి ఇదే రాజు కత్తికి అప్పగించింది ఇతడే. అట్లాంటి మనిషికి కూడా గ్రంథం కాలుతుంటే నోరు పెగిలింది. ఎందుకో రచయిత చెప్పడు. కొలువుల్లో మనుషులు ఇట్లాగే ఉంటారని వదిలేశాడేమో.

1980లలో యెరూషలేములో దావీదు పట్టణం తవ్వకాల్లో యిగాల్ షీలో బృందానికి మట్టి ముద్రలు ఒకేచోట కుప్పగా దొరికాయి. వాటిలో ఒకదాని మీద షాఫాను కొడుకు గెమర్యా అన్న పేరుంది. ఆ ముద్రలు వేసిన పత్రాలన్నీ క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం ఊరికి పెట్టిన మంటల్లో బూడిదయ్యాయి. పచ్చిమట్టి ముద్రలు మాత్రం అదే మంటలో కాలి పెంకుల్లా గట్టిపడి రెండున్నర వేల ఏళ్లు నిలిచాయి.

కాలిన గ్రంథం సంగతికొస్తే, యిర్మీయా, బారూకు మళ్లీ కూర్చుని మొదటినుంచీ రాశారు. పాతవన్నీ రాసి, కొత్తవి చాలా చేర్చారు. రాజు సాధించిందల్లా గ్రంథాన్ని ఇంకాస్త పెద్దది చెయ్యడమే. ఇక అతడికి పడిన శిక్ష? గాడిదను పాతిపెట్టినట్టు ఊరి బయటికి ఈడ్చేస్తారని, శవం పగలు ఎండకూ రాత్రి మంచుకూ పడి ఉంటుందని ప్రవక్త అన్నాడు. రాజుల రెండవ గ్రంథం చూస్తే అతడు తన పితరులతో పాటు నిద్రించాడని మామూలుగా ముగించేసింది. దినవృత్తాంతాల గ్రంథమేమో సంకెళ్లు వేసి బబులోనుకు తీసుకుపోవాలని చూశారంది. ఒకే మనిషికి ఒకే బైబిల్లో మూడు ముగింపులు. వాటిని కలిపి అతికేవాళ్లు అతుకుతారు గానీ, అతకకుండా అట్లాగే ఉంచిన ప్రాచీన సంకలనకర్తల మీద నాకు గౌరవం. వాళ్లకు తెలిసిన మేరకు మూడూ ఉంచారు, ఒకదాన్ని నిజం చెయ్యడానికి మిగతా రెండింటినీ కొయ్యలేదు.

యెహోయాకీము మీద యిర్మీయా చేసిన మరో అభియోగాన్ని కార్వేటినగరంవాళ్లం కాస్త ఆగి చదవాలి. 22వ అధ్యాయంలో ఉందది. ఈ రాజు విశాలమైన మేడ కట్టుకున్నాడు, పెద్ద కిటికీలు పెట్టించాడు, దేవదారు పలకలు కొట్టించి ఎర్రరంగు పూయించాడు, కట్టినవాళ్లకు కూలి ఇవ్వలేదు. మీ నాన్న కూడా తిన్నాడు, తాగాడు, కానీ పేదవాడి వ్యాజ్యం న్యాయంగా తీర్చాడు, రాజంటే దేవదారు పలకలా అని ప్రవక్త నిలదీస్తాడు.

మనది రాజుల ఊరు. బొమ్మరాజుల ఏలుబడి, వేణుగోపాలస్వామి గుడి, స్కందపుష్కరిణి, క్షేత్రయ్య తర్వాత అంతటి పేరున్న పదకర్త సారంగపాణి, గోవిందసామయ్య వర్ణాలు. సంగీతం తెలిసినవాళ్లు మన ఊరి పేరు గౌరవంగా పలుకుతారు. సారంగపాణి పదాల్లో ఈ ప్రాంతపు ఇంటిమాటలు ఎంత చక్కగా కుదురుకున్నాయో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక వెలితి నాకు కనబడుతుంది. మన ఊరి సాహిత్యంలో వేణుగోపాలుడున్నాడు, విరహిణి ఉంది, దూతిక ఉంది. మేడ కట్టిన కూలీ కనబడడు. శిస్తు కట్టలేక పొలం వదులుకున్న రైతు కనబడడు. 1802లో కంపెనీ శాశ్వత శిస్తు విధానం తెచ్చాక కార్వేటినగరం దొరలు పేష్కష్ (కంపెనీకి ఏటా చెల్లించే కప్పం) కట్టే జమీందార్లయ్యారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా నూట నలభై ఏళ్లకు పైనే. ఆ కాలంలో ఈ జమీ పల్లెల్లో ఎవరు ఏం పడ్డారో చెప్పే పదం, శతకం, కథ మనకేది? కొలువులో కవి ఉన్నాడు, ప్రవక్త లేడు. తప్పు మన ఊరిదొక్కటే కాదు, తెలుగు ఆస్థానాలన్నిటిదీ ఇదే తీరు. కృతిపతి వంశాన్ని సూర్యచంద్రుల దాకా పొగిడి గానీ కావ్యం మొదలుపెట్టని సంప్రదాయం మనది. ఇశ్రాయేలీయులు మాత్రం తమ రాజుల సిగ్గుమాలిన పనులన్నీ రాసి, దాన్నే పవిత్రగ్రంథం చేసుకుని, గుడిలో చదువుకున్నారు. ఒక చిన్న జాతి చేసిన ఈ పని సాహిత్య చరిత్రలో మామూలు విషయం కాదు.

వాటిలో నాబోతు కథ ఒకటి. రాజుల మొదటి గ్రంథం, 21వ అధ్యాయం. రాజు అహాబు నగరు పక్కనే నాబోతుకు ద్రాక్షతోట ఉంది. కూరగాయలు వేసుకుంటాను ఇమ్మన్నాడు రాజు, బదులు తోట గానీ వెండి గానీ ఇస్తానన్నాడు. తాతతండ్రుల ఆస్తి ఇవ్వనన్నాడు నాబోతు. రాజు అలిగి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాణి యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాసి, రాజముద్ర వేసి, నాబోతు ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించండి, నాబోతును పైన కూర్చోబెట్టండి, ఎదురుగా ఇద్దరు పనికిమాలినవాళ్లను పెట్టి దేవుణ్ణీ రాజునూ తిట్టాడని చెప్పించండి, రాళ్లతో కొట్టి చంపండి అని. పెద్దలు అట్లాగే చేశారు. రాజు తోటలో అడుగుపెట్టేసరికి ఏలీయా ప్రవక్త అక్కడున్నాడు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఈ కథను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాట్ మిషనూ, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనూ పనిచేసినప్పుడు ఈ గ్రంథాన్ని ఎక్కువగా చేతిలోకి తీసుకున్నది మాలపల్లెలూ మాదిగపల్లెలే. వాళ్లకు ప్రభుత్వమిచ్చే డీకేటీ పట్టా తెలుసు. పట్టా ఒకరి పేర ఉండి దుక్కి ఇంకొకరిది కావడం తెలుసు. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండగానే చేతులు మారిన కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అక్కడ కూడా ఎవరూ కత్తి పట్టలేదు. కాగితం, ముద్ర, ఇద్దరు సాక్షులు. అహాబు కూడా చేతికి రక్తం అంటించుకోలేదు. చంపిందీ నువ్వే, స్వాధీనం చేసుకుందీ నువ్వే అని ఏలీయా అతణ్ణి నిలదీసినప్పుడు, రాజ్యం చేసిన పని రాజు చేసిందేనన్న న్యాయం స్థిరపడింది. కింది ఉద్యోగులు చేశారు, నాకు తెలియదు అనే నేటి నాయకుల జవాబు ఆ తోటలో చెల్లలేదు.

తాకీదు అందుకుని పని పూర్తిచేసిన నాబోతు ఊరు యెజ్రెయేలు పెద్దల మీద ఆ అధ్యాయంలో ఒక్క మాటా లేదు. చాలాకాలం నన్ను ఇబ్బంది పెట్టిన మౌనం అది. రాజుల రెండవ గ్రంథం పదో అధ్యాయం దాకా వెళితే విషయం తెలుస్తుంది. అహాబు వంశాన్ని తుడిచిపెట్టడానికి వచ్చిన యెహూ కూడా రాజధాని షోమ్రోనుకు తాకీదులే పంపుతాడు. యెజ్రెయేలు అధికారులు, పెద్దలు, అహాబు పిల్లల్ని పెంచినవాళ్లు వాటిని అందుకుంటారు. డెబ్బైమంది రాజకుమారుల తలలు గంపల్లో పెట్టి పంపిస్తారు. ఎవరి ముద్ర ఉంటే వాడి పని చేసిపెట్టడం వాళ్లకు అలవాటైంది. ఇంతకంటే వాళ్ల మీద తీర్పేముంటుంది! పోనీ యెహూ దేవుని పని చేసినవాడు కదా అంటే, తర్వాత వచ్చిన హోషేయ ప్రవక్త యెజ్రెయేలులో కారిన ఆ రక్తానికి యెహూ వంశమే బాకీ పడిందన్నాడు. తీర్పు అమలు చేసిన చెయ్యి కూడా లెక్క చెప్పాలి. దేవుని పేరుతో ఎదుటివాణ్ణి శిక్షిస్తున్నామనే వాళ్లెవరైనా, ఏ మతం వాళ్లైనా, ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచిది.

ఏలీయా మాట విని అహాబు బట్టలు చింపుకుని గోనెపట్ట కట్టుకున్నాడు, మెల్లగా నడిచాడు. అహాబు అంతటి చెడ్డవాడు లేడని ఆ అధ్యాయంలోనే రాసి ఉంది. అయినా ఆ గోనెను దేవుడు లెక్కలోకి తీసుకున్నాడు. కీడు అతడి రోజుల్లో రాదు, కొడుకు రోజుల్లో వస్తుందన్నాడు. ఇది న్యాయమేనా అని అడగాలి. నాబోతుకు తోట తిరిగి రాలేదు. అహాబు గోనె కట్టాడు గానీ తోట ఖాళీ చేశాడని ఎక్కడా లేదు. వాయిదా దొరికింది, మాఫీ దొరకలేదు. నా లెక్కలో ఇది తూచి చెప్పిన తీర్పే.

సౌలు రాజు సంగతి ఇంకో రకం. అంతా నాశనం చెయ్యమన్న అమాలేకీయుల పశువుల్లో మంచివి దాచుకుని సమూయేలు ప్రవక్తకు దొరికిపోయాడు. మొదట బుకాయించాడు, తర్వాత జనం మీద నెట్టాడు, ఇక లాభం లేదని తెలిశాక పాపం చేశానన్నాడు. ఆ వెంటనే, పెద్దల ముందు నా పరువు నిలబెట్టు, నాతో వచ్చి నిలబడు అని అడిగాడు. మన పుత్తూరు కట్టు వేయించుకున్నవాళ్లకు తెలుసు, ఎముకను లాగి సరిగా కూర్చోబెట్టేటప్పుడే అసలు నొప్పి. ఆ లాగుడికి ఒప్పుకోకుండా పైన గుడ్డ మాత్రం చుట్టమన్నాడు సౌలు. దావీదు చేసిన పని నిజానికి ఇంకా ఘోరం. బత్షెబను తెచ్చుకోవడమే కాక, ఆమె మొగుడు ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి పేదవాడి ఒక్క గొర్రెపిల్లనూ ధనికుడు లాక్కున్న కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనన్నప్పుడు దావీదు సాకు వెతకలేదు, నాతానును జైల్లో వెయ్యలేదు. తర్వాత తన కొడుకుల్లో ఒకడికి నాతాను అని పేరు పెట్టినట్టు వంశావళిలో ఉంది. ఆ ప్రవక్త పేరేనని రాసి లేదు, నాకు మాత్రం అట్లా అనుకోవాలని ఉంటుంది. అంత చేసినా దావీదు ఇంటిని కత్తి వదల్లేదు. పుట్టిన పసిబిడ్డ చచ్చిపోయాడు. ఆ బిడ్డ చేసిన పాపమేమిటన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, వ్యాఖ్యానాలు రాసినవాళ్ల దగ్గర కూడా నాకు తృప్తినిచ్చిన జవాబు దొరకలేదు. దావీదు జనాభా లెక్క తీయించినందుకు తెగులు వచ్చి డెబ్బైవేలమంది పోయారంటుంది గ్రంథం. ఈ గొర్రెలేం చేశాయని దావీదే దేవుణ్ణి అడిగాడు. పాలకుడి తప్పుకు పాలితుడు చావడం బైబిలు కల్పించిన సంగతి కాదు, లోకంలో ఉన్నదే.

దానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 1876-78 ధాత కరువు. అప్పటికి కార్వేటినగరం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది, మద్రాసు రాజధానిలో కరువు బాగా కొట్టిన జిల్లాల్లో అదొకటి. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను హిందూదేశ చక్రవర్తినిగా చాటాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చి కరువు పనిలో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. మూడేళ్ల ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని బతికించాడు, దండగ ఖర్చు చేశావని పైనుంచి తిట్లు తిన్నాడు. ఈసారి పాఠం నేర్చుకుని వచ్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ తిండితో కూలిపని చేస్తే మనిషి బతకడని కాగితం మీద పెట్టి వాదించాడు. చావులు బ్రిటిష్ పాలిత ప్రాంతంలోనే అరకోటి దాటాయన్నది ఎక్కువగా ఒప్పుకున్న అంచనా. ఈ దొరలందరి బల్లల మీదా బైబిలు ఉండేది. ఆదివారం ప్రార్థనలో యెహెజ్కేలు 34వ అధ్యాయం, మందను మేపకుండా తమ కడుపు నింపుకున్న కాపరుల మీది అధ్యాయం, వాళ్లూ వినే ఉంటారు.

లిట్టన్‌కు పురుగులు పట్టలేదు. 1880లో ఎర్ల్ బిరుదు వచ్చింది. తర్వాత పారిస్‌లో రాయబారి అయ్యాడు, ఆ ఉద్యోగంలో ఉండగానే 1891లో గౌరవంగా కన్నుమూశాడు. టెంపుల్ బొంబాయికి గవర్నరయ్యాడు. మనష్షే కథ కూడా ఇట్లాంటిదే. యూదాలో అతడంత నెత్తురు పారించినవాడు లేడంటారు, ఏలింది మాత్రం యాభై అయిదేళ్లు. రాజుల గ్రంథం ప్రకారం తన తోటలో సుఖంగా సమాధి అయ్యాడు. దినవృత్తాంతాలు రాసినాయనకు అది మింగుడుపడలేదు. మనష్షేను సంకెళ్లతో బబులోనుకు తీసుకెళ్లారని, అక్కడ దేవుని ముందు తల వంచాడని, అందుకే సింహాసనం తిరిగి దొరికిందని ఆయన కథ. హేరోదు అగ్రిప్ప క్రీస్తుశకం 44లో కైసరయలో కడుపునొప్పితో చచ్చిన మాట నిజమే. అపొస్తలుల కార్యాలతో పాటు యూదు చరిత్రకారుడు జోసిఫస్ కూడా రాశాడు. కానీ ఒక్క అగ్రిప్పను చూపించి, చూశారా దేవుడు వదలడు అంటే, పక్కన ఇద్దరు లిట్టన్లు సుఖంగా పడుకుని ఉంటారు. పరలోకంలో లెక్క ఉంటుందని నమ్మేవాళ్ల నమ్మకంతో నాకు పేచీ లేదు. పక్షవాతం వచ్చిన ప్రతి రాజకీయ నాయకుడి మంచం చుట్టూ చేరి, దేవుడు కొట్టాడని గుసగుసలాడే అలవాటుతోనే పేచీ. యోబు స్నేహితులు చేసిందీ అదే, చివర్లో దేవుడు మందలించింది కూడా వాళ్లనే.

లిట్టన్ మీద పడిన తీర్పు ఒకటుంది, దాన్ని ఒక పత్రికా సంపాదకుడు రాశాడు. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ కరువు సహాయ సంఘానికి కార్యదర్శిగా ఉండి చూసిందంతా 1878లో రెండు సంపుటాలుగా అచ్చువేశాడు. ఇవ్వాళ ఆ కరువు మీద ఎవరు ఏం రాసినా డిగ్బీని, కార్నిష్‌ను తిరగెయ్యకుండా రాయలేరు.

ఇక మన చర్చిల సంగతి. ఇది రాయకుండా వదిలేస్తే పై మాటలన్నీ దొరలనూ రాజులనూ తిట్టుకునే సరదా అవుతుంది. సంఘం లెక్క అడిగినవాడికి, మిషను స్థలం ఎవరికి అమ్మారని అడిగినవాడికి, అమ్మాయి ఫిర్యాదు ఏమైందని అడిగినవాడికి చాలాచోట్ల దొరికే జవాబు ఒకటే. అభిషిక్తుణ్ణి ముట్టకూడదు, దైవజనుడి మీద నోరు తెరిస్తే శాపం తగులుతుంది. 105వ కీర్తనలో ఆ మాట ఉన్న సంగతి నిజం. అక్కడ చెప్పింది ఊళ్లు పట్టుకుని తిరిగే దిక్కులేని అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి, వాళ్ల మీద చెయ్యి వెయ్యవద్దని రాజుల్ని హెచ్చరించిన మాట అది. బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడే వాక్యాన్ని తిప్పి బలవంతుడికి గొడుగు పట్టారు. సౌలు మీద దావీదు చెయ్యి ఎత్తలేదని కూడా ఉదాహరిస్తారు. ఎత్తలేదు, ఒప్పుకుంటాను. కానీ గుహలో సౌలు అంగీ చెంగు కోసి, బయటికొచ్చి, సౌలు సైన్యం వింటుండగా దాన్ని ఎత్తి చూపిస్తూ, నువ్వు నాకు అన్యాయం చేస్తున్నావని గట్టిగా అరిచాడు. చంపకుండా ఉండటం, నోరు మూసుకోవడం దావీదు దృష్టిలో రెండు వేరువేరు పనులు.

ఏలీ అనే యాజకుడి కథ ఈ రోజుల్లో మన సంఘాల్లో ఎందుకో తక్కువ వినబడుతుంది. పిల్లవాడు సమూయేలును దేవుడు పిలిచిన సగం ఆదివారం బడిలో చెబుతారు, ఆ రాత్రి దేవుడు ఆ పిల్లవాడికి చెప్పిన సంగతేమిటో చెప్పరు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. బలి మాంసం ఉడుకుతుండగానే మూడు ముళ్ల కొంకి గుచ్చి కావలసినంత లాక్కునేవాళ్లు. గుడారం దగ్గర సేవచేసే స్త్రీలతో తప్పుగా ఉండేవాళ్లు. ఏలీకి అంతా తెలుసు. ఒరే అబ్బాయిలూ, ఇది మంచిది కాదురా అన్నాడు, అంతే. పదవిలోంచి తియ్యలేదు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత అల్లుడు అన్నట్టు సంఘాలు ఇంటి ఆస్తులై, కానుకలకూ సొంత ఖర్చులకూ మధ్య గీత చెరిగిపోయిన చోట్ల, ఒక పెద్దాయన అంతా తెలిసి మెత్తగా మందలించి ఊరుకోవడం నేను చూశాను. అయ్యగారు చాలా మంచివారండీ, కొడుకులే, అంటారు జనం. ఏలీ కూడా మంచివాడే. తీర్పు మాత్రం మొదట ఏలీ ఇంటి మీదే వచ్చింది. బోధించేవాళ్లకు ఇంకా కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు పత్రిక రాసినాయన ఊరికే అనలేదు.

మన సాహిత్యంలో ప్రవక్త లేడన్నాను. పూర్తిగా లేడనను. సాళువ నరసింహుడు తన మీద పదం కట్టమంటే అన్నమయ్య చెవులు మూసుకున్నాడని, సంకెళ్లు వేయించిన ఆ రాజే చివరికి కాళ్ల మీద పడ్డాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. మన పక్కనున్న శ్రీకాళహస్తి ఈశ్వరుడి ముందు నిలబడి ధూర్జటి రాజసేవ మీద, రాజుల మీద వెళ్లగక్కిన అసహ్యం తెలుగులో ఇంకెవరూ అంత ఘాటుగా చెప్పలేదు. అయితే వీళ్లిద్దరిదీ తమ ఆత్మగౌరవం గొడవ, రాజు నన్ను పొగడమన్నాడు, నేను పొగడను అని. నాబోతు తరఫున అడిగినవాడు రావడానికి గుర్రం జాషువ పుట్టాల్సివచ్చింది. 1932 నాటి 'ఫిరదౌసి'లో ఆయన ఎంచుకున్నది మాట తప్పిన రాజు కథ. బంగారం ఇస్తానని కావ్యం రాయించుకుని వెండి పంపిన గజనీ మహమ్మదు, ఆ రాజు అన్యాయాన్ని గోడ మీద రాసిపెట్టి వెళ్లిపోయిన కవి. సుల్తాను మనసు మారి బంగారం పంపేసరికి ఊరి ఇంకో ద్వారంలోంచి కవి శవం వెళ్తోందని కథ. పశ్చాత్తాపానికి కూడా గడువుంటుందన్న సంగతి ఇంత కఠినంగా చెప్పిన కావ్యం తెలుగులో నాకు ఇంకోటి తెలియదు. 1941లో 'గబ్బిలం'లో మరో అడుగు వేసి, గుడిలోకి రానివ్వని సమాజం మీద ఫిర్యాదును గబ్బిలం చేత నేరుగా శివుడికే పంపించాడు. క్రైస్తవుడిగా పుట్టి, శివుడికి ఫిర్యాదు పెట్టి, ముస్లిం కవి కన్నీటిని తెలుగు పద్యంలో పోసిన ఆ మనిషిని అటు కులమూ ఇటు మతమూ రెండూ సులువుగా ఒప్పుకోలేదు.

గద్యంలో మనకు 'జమీన్‌రైతు' ఉంది. నెల్లూరు వెంకట్రామానాయుడు సంపాదకత్వంలో వెంకటగిరి జమీ రైతుల పక్షాన నిలబడిన వారపత్రిక. 1937-38లో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ వేసి జమీ రైతుల వాంగ్మూలాలు రాయించారు. భూమి రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసిపెట్టేవాడు మాత్రమేనని ఆ కమిటీ తేల్చింది. వెట్టి, నజరానాల గోడు అప్పుడు కాగితం మీదికెక్కింది.

కార్వేటినగరం జమీ పల్లెల నుంచి అట్లాంటి కాగితాలు ఇంకా ఇళ్లల్లో ఉండే అవకాశం ఉంది. పాత శిస్తు రసీదులు, కోర్టు నకళ్లు, ఇనాం పత్రాలు, అవ్వలు పాడే దంపుళ్ల పాటల్లో దొర పేరు వచ్చే చరణాలు. సంఘాల పాత మినిట్సు పుస్తకాలూ అంతే, మిషను స్థలాల జాబితాలు ఉన్న పేజీలైతే మరీ ముఖ్యం. వచ్చే సంచిక నుంచి వీటికోసం కొన్ని పుటలు కేటాయిస్తున్నాం. అసలు పత్రం పంపవద్దు, నకలు పంపండి. పంపినవారి పేరు వద్దంటే వెయ్యం. అందులో ఈ పత్రికకు చందా ఇచ్చే పెద్దమనుషుల పేర్లు ఉన్నా సరే, ఆధారం నిలబడితే అచ్చువేస్తాం.